డిక్కీలో ట్రంకు

శంషాబాద్‌లో విమానం దిగిన డాలస్ అల్లుడిగారి ఇంగ్లిష్‌కు, బాలాపూర్ ఇంగ్లిష్‌కు దారిలోనే చెడుతుంది. సామాను డిక్కీలో పెట్టమంటాడు డ్రైవరు. అల్లుడుగారు ‘ట్రంక్’ అని సవరిస్తారు. అత్తగారికి ట్రంకంటే అటక మీది ఇనప్పెట్టె! లండన్ నుంచి వచ్చినవారైతే ‘బూట్’ అనేవారు, ఆ గొడవ వేరు.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. మనది బ్రిటిష్ లెక్క, మెట్లెక్కితేనే ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో నేల మీదిదే ఫస్ట్. కింది వాటా వాళ్లు తలుపు తీసి బిత్తరపోవడంలో తప్పేముంది?

బావమరిది ఇంజనీరింగ్ ‘పాసవుట్’ అయ్యాడన్నారు. అమెరికాలో ఆ మాటకు స్పృహ తప్పడమని అర్థం. వాడి మార్కుల మెమో చూసినవాళ్లకు మాత్రం రెండర్థాలూ సరిపోతాయి.

ముహూర్తం ‘ప్రీపోన్’ అయిందనగానే అల్లుడుగారు పకపకా నవ్వారు, ఇండియన్ ఇంగ్లిషట. పోస్ట్‌పోన్‌కు జోడీగా ఆ మాట ఉండాలని ప్రతిపాదించిన ఓ ఉత్తరాన్ని 1913లో అచ్చేసింది సాక్షాత్తూ న్యూయార్క్ టైమ్స్. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. నవ్వేముందు తిరగేయాల్సింది.

ఇక వినాయకుడి లడ్డూ. 1994లో 450 రూపాయలకు మొదలైన బాలాపూర్ వేలంపాట 2025లో 35 లక్షలకు చేరింది. అల్లుడుగారి భాషలో త్రీ పాయింట్ ఫైవ్ మిలియన్. వచ్చే చవితికి మిలియన్లలో పాడదలచిన ఎన్నారైలు ముందుగా పక్కవాళ్లతో సున్నాలు లెక్కపెట్టించుకోగలరు.