మా జనరేటర్ 36 లక్షల డీజిల్ తాగింది

మా అపార్ట్‌మెంట్ ట్రెజరర్ గారు సర్కారు కొలువులో ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. 'సర్క్యులర్' అన్న మాట కంటబడితే ఏం చెయ్యాలో ఆయన చేతికి తెలుసు, బుర్రదాకా వెళ్ళక్కర్లేదు. చదవకుండా మూల మీద పొట్టి సంతకం గీకి పక్క టేబుల్ మీదికి తోసెయ్యాలి. మెయింటెనెన్స్ లెక్కల ఎక్సెల్ ఫైలు తెరిచినప్పుడల్లా తెర మధ్యలో ఒక డబ్బా ఊడిపడేది. అయ్యా, ఇందులో సర్క్యులర్ రిఫరెన్స్ ఉంది, ఒక ఫార్ములా చుట్టూ తిరిగొచ్చి తన గడినే తాను అడుగుతోంది, లెక్క తప్పు రావచ్చు అని మొత్తుకునేది. ఆయన ఓకే నొక్కేవారు. అదే పొట్టి సంతకం. రెండేళ్ళు అలా నడిచింది.

ఆయన్ని చూసి నవ్వే ముందు, ఆ డబ్బాలో ఉన్నది చివరి అక్షరం దాకా చదివినవాళ్ళెవరో చెయ్యెత్తండి. నేనూ ఎత్తను. మనందరికీ ఓకే అంటే 'అడ్డు లే' అనే అర్థం.

ఈ పోరు పడలేక ఆయన రెండో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి పిలిచారు. "అంతేనా అంకుల్, అయిదు సెకన్ల పని" అన్నాడతను. ఫైల్, ఆప్షన్స్, ఫార్ములాస్, అక్కడ 'ఎనేబుల్ ఇటరేటివ్ కాలిక్యులేషన్' అని ఒక గడి. అందులో టిక్కు. అంతే, డబ్బా మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది: 'ఎక్సెల్‌లో ఎర్రర్ సరిచేయబడినది.' కింద ఇరవై దండాలు, పదకొండు బొటనవేళ్ళు.

నా తగువంతా ఆ 'సరిచేయబడినది'తోనే. అర్ధరాత్రి కుక్క మొరిగితే లేచి గోడ దగ్గర ఎవడున్నాడో చూసేవాడు ఒకడు. కుక్క మూతికి గుడ్డ కట్టి, దొంగల బెడద తీరిపోయిందని మళ్ళీ దుప్పటి కప్పుకునేవాడు ఇంకొకడు. ఎక్సెల్ తెలుసని బయోడేటాలో రాసుకునేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో రకమే. పైగా ఆ గుడ్డ ఎలా కట్టాలో వీడియోలు తీసి పెడతారు, 'జస్ట్ ఒక్క క్లిక్‌తో' అని.

ఇక్కడ నాకు ఇబ్బందిగా ఉండే సంగతొకటి ఒప్పుకోవాలి. ఆ టిక్కు మొదటిరోజు సరైన జవాబే ఇచ్చింది.

మావి నలభై ఫ్లాట్లు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, వాటర్ ట్యాంకర్లు, మోటారు కరెంటు అన్నీ కలిపి నెలకి 1,80,000 ఖర్చు. వసూలయ్యే మొత్తంలో పది శాతం రిజర్వు ఫండులో వెయ్యాలని జనరల్ బాడీ తీర్మానం. ఖర్చులో పది శాతం అని ఉంటే గొడవే లేదు. వసూలులో పది శాతం అన్నారు. ట్రెజరర్ గారు తీర్మానాన్ని తు.చ. తప్పకుండా గడుల్లో రాశారు. ఎంత వసూలు చెయ్యాలి? ఖర్చుకి రిజర్వు కలిపినంత. రిజర్వు ఎంత? వసూలులో పదో వంతు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. ఈ రెండు గడులూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటే, ఎక్సెల్ చేతులెత్తేసి సున్నా చూపిస్తుంది.

టిక్కు పెడితే ఎక్సెల్ మొండికి దిగుతుంది. గిర్రున తిరుగుతూ లెక్కేస్తుంది. వంద చుట్లు పూర్తయినా, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ తేడా 0.001 కంటే తగ్గినా ఆగుతుంది. ఎవరూ మార్చకపోతే సెట్టింగు ఇదే. మా లెక్కలో మొదటి చుట్టుకి వసూలు 1,80,000. రెండో చుట్టుకి 1,98,000. మూడో చుట్టుకి 1,99,800, ఆ తర్వాత 1,99,980. అలా మెట్టుమెట్టుగా ఎక్కి రెండు లక్షల దగ్గర కుదురుకుంది. ఫ్లాటుకి అయిదు వేలు. ముమ్మాటికీ కరెక్టు. ఆ ఒక్క కరెక్టే మా కొంప ముంచింది.

ఎందుకంటే, ఈ పెళ్ళికి ఎనిమిదో తరగతి బీజగణితమే పేరయ్యగా సరిపోయేది. వసూలులో పదో వంతు రిజర్వుకి పోతే తొమ్మిది వంతులు ఖర్చుకి. అంటే ఖర్చుని 0.9తో భాగిస్తే వసూలు. 1,80,000 బై 0.9, రెండు లక్షలు. ఒక్క గడి, ఒక్క ఫార్ములా, చుట్టూ లేదు, డబ్బా లేదు, టిక్కూ లేదు. లాభంలోంచి బోనస్ తీసేశాక మిగిలినదాంట్లో పది శాతం బోనస్ అని రాసుకునే కంపెనీల చిక్కూ ఇలాంటిదే. లాభం పదకొండు లక్షలైతే 1.1తో భాగించి పదో వంతు తీస్తే బోనస్ లక్ష, తేలిపోయింది. కానీ పెన్ను తీసి కాయితం మీద ఒక సమీకరణం రాయడం మనకి నామోషీ. యంత్రం ఉండగా మనం ఆలోచించడమేమిటి?

ఇంతకీ డీజిల్ సంగతి. టిక్కు పెట్టాక మూడు నెలలకి కొత్త షీటు తెరిచారు. జనరేటర్ డీజిల్, డి2 నుంచి డి13 దాకా పన్నెండు నెలల బిల్లులు, కింద డి14లో మొత్తం. సమ్ ఫార్ములా రాస్తూ మౌసు లాగినప్పుడు చెయ్యి ఒక్క గడి కిందికి జారింది. డి2 నుంచి డి14 దాకా కూడమని పడింది. మొత్తంలో మొత్తాన్ని కూడా కలపమని! టిక్కు లేకపోతే డబ్బా వచ్చేది, గడిలో సున్నా కూర్చునేది. డీజిల్ ఖర్చు సున్నా అంటే ఎంత నిద్రమొహమైనా ఉలిక్కిపడుతుంది. టిక్కు ఉంది కాబట్టి ఎక్సెల్ నోరెత్తకుండా వంద చుట్లు తిరిగింది. చుట్టుకొక్కసారి మొత్తం బిల్లులన్నిటినీ మళ్ళీ కలిపింది. అసలు బిల్లులు 36,400. డి14లో 36,40,000.

సరిగ్గా ఆ సమయానికి నేను వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. పత్రికలకి రాసేవాడికి లెక్కలు కూడా వస్తాయని ఆయన నమ్మకం. ఆయన కాసేపు తెరకేసి చూశారు. కరెంటు ఎక్కువ పోయిందేమోనన్నారు. తర్వాత మెల్లగా తేరుకుని, "సున్నాలు రెండు ఎక్కువ పడ్డాయండీ, వందతో భాగిస్తే సరి" అని డి15లో డి14 బై వంద కొట్టారు. 72,800 వచ్చింది.

అదెలా అని నోళ్ళు తెరిచాం. ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను. టిక్కు ఉన్నప్పుడు షీటులో ఎక్కడ ఏం కొట్టినా ఎక్సెల్ ఆ చుట్టుడు గడుల్ని మళ్ళీ వంద చుట్లు తిప్పుతుంది. ఆయన భాగారం కొట్టి ఎంటర్ నొక్కగానే డి14 మరో 36,40,000 మింగి కూర్చుంది. ఆయన పట్టు వదలని మనిషి. రెండు వందలతో భాగించారు. 54,600. మూడు వందలతో, 48,533. నాలుగు వందలతో, 45,500. ఆయన ఎంత వేగంగా భాగించినా డి14 ఒక వంద ముందే ఉంటుంది. "దగ్గరికొస్తోందండీ, దారిలోకొస్తోంది" అన్నారు ఆశగా. రాత్రి పదకొండయ్యింది. పొద్దున్న జనరల్ బాడీ. 45,500 దగ్గర విసుగొచ్చి, ఆ అంకెనే మీటింగు కాయితంలో చేత్తో కొట్టి ప్రింటు తీసేశారు.

మర్నాడు సెల్లార్లో కుర్చీలు సర్దుకోకముందే 304 ఆవిడ లేచారు. ఆవిడ వంటింటి కిటికీ కిందే జనరేటరు. అది ఎప్పుడు మోగిందో ఎంతసేపు మోగిందో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. బంకు బిల్లుల జిరాక్సులు చేతిలో ఉన్నాయి. "ఇవన్నీ కూడితే 36,400. మీరు రాసింది 45,500. మిగతా 9,100 ఎవరి స్కూటర్లో పోశారు ట్రెజరర్ గారూ?" పైసా ముట్టుకోని మనిషి. వాచ్‌మన్ చేత చీపురు తెప్పించినా చీటీ రాసి పెట్టుకునే మనిషి. నలభై ఇళ్ళ ముందు నీళ్ళు నమిలారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు అప్పుడే ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకి వెళ్ళాడు.

ఆ టిక్కుకి ఇంకో గుణం ఉంది. అది ఫైలుకే అంటుకుని ఊరుకోదు. ఎక్సెల్‌లో ముందు ఏ ఫైలు తెరిస్తే దాని సెట్టింగే ఆ పూటకి మిగతా ఫైళ్ళన్నిటికీ వర్తిస్తుంది. పొద్దున్నే మా మెయింటెనెన్స్ ఫైలు తెరిచి ఆ వెంటనే ఆఫీసు బడ్జెట్టు తెరిచినవాడికి, బడ్జెట్టులో ఎన్ని ముడులున్నా ఒక్క మెసేజీ రాదు. ఆ స్థితిలో సేవ్ చేస్తే బడ్జెట్టుకీ టిక్కు అంటుతుంది. మా గ్రూపులో ఆ ఫైలు ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ దడ.

కావాలనే చుట్టు పెట్టుకునే పెద్దవాళ్ళూ ఉన్నారు. ప్రాజెక్టులకి అప్పుల లెక్కలు వేసేవాళ్ళకి వడ్డీ సగటు బాకీ మీద, బాకీ మిగిలే నగదు మీద, నగదు మళ్ళీ వడ్డీ మీద ఆధారపడుతుంది. వాళ్ళు టిక్కు పెడతారు. కానీ ఆ చుట్టులోకి ఒకసారి ఎర్రర్ విలువ దూరితే, తన తప్పుని తానే తింటూ బతుకుతుంది, కారణం తీసేసినా పోదు. అందుకని చుట్టుని తెంపడానికి పక్కనే ఒక స్విచ్చు గడి పెట్టుకుంటారు. పామునాడించేవాడి దగ్గర బుట్ట కూడా ఉంటుంది. మా కుర్రాడు బుట్ట సంగతి చెప్పలేదు.

మీటింగు అయ్యాక నేను, ట్రెజరర్ గారు మళ్ళీ కూర్చున్నాం. ముందు టిక్కు తీశాం. పాత మిత్రుడిలా డబ్బా ఊడిపడింది. ఈసారి దాన్ని చదివాం. తెర అడుగున ఎడమ మూల సన్నటి అక్షరాల్లో 'సర్క్యులర్ రిఫరెన్సెస్: డి14' అని రాసి ఉంది. ఆ రెండేళ్ళూ దొంగ చిరునామా అక్కడే రాశాడా మహానుభావుడు! ఫార్ములాస్ టాబ్‌లో ఎర్రర్ చెకింగ్ పక్కన బుల్లి బాణం నొక్కినా అదే చిరునామా వస్తుంది. లోటస్ 1-2-3 కూడా తెర కింద పొట్టిగా 'సర్క్' అని చూపించేది. గూగుల్ షీట్స్ అయితే మొహమాటం లేకుండా గడిలోనే ఎర్రర్ పడేస్తుంది. లిబ్రే ఆఫీసు 522 అని నంబరేస్తుంది. చెప్పనివాళ్ళంటూ లేరు.

డి14 వ్యవహారం ఒక్క అంకె మార్పుతో పోయింది, డి13 దాకా కూడమన్నాం. 36,400 వచ్చి బుద్ధిగా కూర్చుంది. రిజర్వు గొడవే కాస్త లోతు. అక్కడ ట్రేస్ ప్రెసెడెంట్స్ నొక్కితే నీలం బాణాలు వస్తాయి, ఈ గడి ఎవరినడిగిందో చూపిస్తాయి. ఆయనకి అది విడమర్చడానికి నాకు ఏడు చేపల కథే దొరికింది. ఎండని చేపని అడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, మోపు ఆవు మీద చెబుతుంది, అలా అడుక్కుంటూ పోతే చివరికి చీమ దగ్గర తేలుతుంది. చీమ ఇంకెవరి మీదా చెప్పదు, తన కారణం తనకుంది. మంచి షీటులో ప్రతి బాణమూ చివరికి ఒక చీమ దగ్గర, అంటే చేత్తో కొట్టిన ఒక అంకె దగ్గర ఆగాలి. మన షీటులో చీమ కూడా చేపనే అడగమంటోందండీ అన్నాను. ఆయన మొదటిసారి నవ్వారు. 0.9తో భాగించే ఫార్ములా తానే కొట్టారు, రెండు లక్షలు రాగానే బల్ల మీద ఒకటి చరిచారు.

మళ్ళీ డబ్బా వచ్చింది. మూడోది ఇంకెక్కడో ఉందన్నమాట. నేను చదువుదామని కళ్ళజోడు తీసేలోపు ఆయన వేలు అలవాటుగా ఓకే మీద పడింది. అడుగున మూల చూశాను. 'సర్క్యులర్ రిఫరెన్సెస్' అని మాత్రమే ఉంది, పక్కన గడి పేరు లేదు. ముడి వేరే షీటులో ఉంటే అంతే, ఒక్కో షీటూ తిప్పి చూసుకోవాలి. మాకున్నవి పద్నాలుగు షీట్లు.

ట్రెజరర్ గారు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ఊపిరి తీసుకున్నారు. "చూశారా, అడ్రసు లేదు. అడ్రసు లేని సర్క్యులర్ మనదెలా అవుతుందండీ?"