ఏకవాక్య గ్రంథానికి సాలూరు టీక

అవతారిక

ఆరు పదాల ఒకే వాక్యంతో పరిసమాప్తమయ్యే గ్రంథాలు వాఙ్మయంలో అరుదు. వాటిలోనూ అసంఖ్యాకులు చదివి, చదివిన ప్రతివారూ విసుక్కుని, అర్థవిచారం మాత్రం ఎవరూ చేయని గ్రంథంగా ఫోను తెర మీద వెలిసే ఈ వాక్యానికి ప్రత్యేక స్థానం దక్కవలసి ఉంది. దీనికి గ్రంథకర్త పేరు లేదు, ఫలశ్రుతి లేదు. మంగళాచరణం ఉండవలసిన చోట గిరగిర తిరిగే చిన్న వలయం ఒకటి కొన్ని క్షణాలు కనిపించి మాయమవుతుంది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మెతుకుసీమ పండితుడు మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత మూలంలో ఉన్నదానికంటె దాచినదే ఎక్కువ కాబట్టి ఆ నియమాన్ని ఇక్కడ పాటిస్తే టీక రెండో వాక్యం దగ్గరే ఆగిపోతుంది. అందుచేత ఆ మహానుభావుడికి నమస్కరించి, నియమాన్ని పక్కన పెట్టడమైనది.

మూలం

ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.

ప్రతిపదార్థం

ఈ = ఎదుట బొమ్మగా నిలిచి కదలనొల్లని; వీడియో = చలనచిత్ర ఖండము; మీ = నెలనెలా రుసుము చెల్లించు తమయొక్క; ప్రాంతంలో = ఎవరు ఎచ్చట గీసిరో తెలియని హద్దులు గల భూభాగమునందు; అందుబాటులో = చేయి చాపిన అందు దూరమున; లేదు = ఉండియు లేకున్నది.

తాత్పర్యం

దృశ్యమున్నది, చూచు కన్నులున్నవి, నడుమ సిగ్నలు కూడ నున్నది. అయినను చూపబడదని భావము. పరీక్ష రాసే పిల్లలకు ఇంతవరకు చాలు. విశేషార్థం కోరేవారి కోసం కింది వ్యాఖ్య.

‘ఈ వీడియో’ అనుచోట

‘ఈ’ సమీపవాచకం. చూడడానికి వీల్లేనంత దూరాన ఉన్నదాన్ని ‘ఆ’ అనక ‘ఈ’ అనడంలో ఆలంకారికులు వక్రోక్తిని చూసి సంతోషించవచ్చు. బొమ్మ, పేరు, నిడివి ముందు పెట్టి లోపలి సరుకును దాచడం వల్ల ఈ ప్రయోగం ఎలాగో చెల్లుతుంది. ‘వీడియో’ గురించి చెప్పవలసింది లేదు.

‘మీ’ అనుచోట

బహువచనం గౌరవార్థకం. ప్రాంతం మీదని ఒప్పుకుంటున్న ఈ వాక్యం, వీడియో మీదని ఎక్కడా అనడం లేదన్న సంగతి గమనించదగినది. డిజిటల్ సరుకు విషయంలో ‘కొనండి’ అన్న మీట నొక్కినవారికి దక్కేది చాలా సందర్భాల్లో సరుకు కాక, అమ్మినవారు ఒప్పుకున్నంతకాలం దాన్ని చూసుకునే అనుమతి మాత్రమే; దీనినే లైసెన్సు అంటారు. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, కిండిల్ అనే పఠనయంత్రంలో పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న జార్జి ఆర్వెల్ పుస్తకాలను, తన ద్వారా అమ్మినవారికి ప్రచురణ హక్కు లేదని తెలిసిన మీదట, దూరం నుంచే తుడిచివేసింది. అలా మాయమైనవాటిలో నిఘా రాజ్యాన్ని గురించిన ‘1984’ నవల ఉండడం ఏ వ్యంగ్యకవికీ తట్టని చమత్కారం. సొమ్ము వాపసు వచ్చింది, ఆపైన క్షమాపణ కూడా వచ్చింది. పుస్తకం పోయిన సంగతి మాత్రం పాఠకుడికి పోయాకే తెలిసింది.

సాలూరు లారీలకు పేరుపడిన ఊరు కనుక ఇక్కడివారికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. ఛాసిస్ తెచ్చుకున్న ఓనరు తనకు కావలసినట్టు బాడీ కట్టించుకుని, నుదుట ఇష్టదైవం పేరు రాయించుకుని, పాడైతే తనకు నమ్మకమున్న మెకానిక్కు దగ్గర విప్పించుకుంటాడు. ఛాసిస్ అమ్మిన కంపెనీ అర్ధరాత్రి వచ్చి బండిని షెడ్డులోంచి తీసుకుపోదు. ఫైనాన్సువారు తీసుకుపోతారు గాని, అది వాయిదాలు తప్పినప్పుడు. పైగా తీసుకుపోయినవారెవరో ఊరందరికీ తెలుస్తుంది.

‘ప్రాంతంలో’ అనుచోట

గ్రంథానికి ఇదే ప్రాణపదం, టీకకు సాలూరును ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. ఈ ఊరు అంగుళం కదలకుండా నాలుగు జిల్లాలు చూసింది: మొదట విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఊరికి ఎగువన కొండల మీద ఉన్న కొటియా గ్రామాల స్థితి ఇంకా విచిత్రం. అవి తమవంటే తమవని ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలు వాదులాడుకోగా, 1968లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం 2006లో ముగిసినా వివాదం ముగియలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపగా ఒడిశా మళ్లీ అదే కోర్టు తలుపు తట్టింది. రెండు ప్రభుత్వాల కార్డులూ చేతపట్టుకున్న గిరిజనులున్న ఆ ఊళ్లలో ఫోను తెర మీద ‘మీ ప్రాంతం’ అన్న మాట వెలిసినప్పుడు, సర్వోన్నత న్యాయస్థానం దశాబ్దాలుగా తేల్చలేనిదాన్ని ఒక యాప్ రెప్పపాటులో ఎలా తేల్చిందన్న జిజ్ఞాస కలగడం సహజం.

సమాధానమేమంటే, యాప్ దాన్ని తేల్చలేదు, తేల్చవలసిన అవసరమూ దానికి లేదు. ఫోను ఇంటర్నెట్‌లోకి వెళ్లినప్పుడు దానికొక సంఖ్య లభిస్తుంది. ఐపీ చిరునామా అని పేరు. ఏ సంఖ్య ఏ దేశానికి చెందుతుందో పట్టికలు కట్టి అమ్మే సంస్థలున్నాయి, ఆ పట్టికను బట్టే ‘ప్రాంతం’ నిర్ణయమవుతుంది. మొబైల్ కంపెనీలు ఎన్నో ఊళ్ల రద్దీని ఏదో ఒక మహానగరంలోని ద్వారం గుండా పంపుతాయి కాబట్టి, సాలూరుకు ఎగువన సుంకి ఘాటీ ఎక్కుతున్న లారీలోని ఫోను ఆ పట్టిక లెక్కలో హైదరాబాదులో ఉన్నట్టు కనిపించవచ్చు. కనుక ఈ పదానికి భౌగోళికార్థం పొసగదు.

వ్యాపారార్థం పొసగుతుంది. తెలుగు సినిమా వర్తకులు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఓవర్సీస్ అని లోకాన్ని ఏనాడో పంచుకున్నారు. నిజాము పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ రాజ్యం ఇప్పటికీ పోస్టర్లలో వసూళ్లు చూపిస్తూనే ఉంది. మూలంలోని ‘ప్రాంతం’ ఆ పంపకానికి ముదిమనుమడు. తేడా ఒక్కటే: సినిమా హాలు ఏ ఏరియాకు చెందినా టికెట్టు కొన్నవాడిది ఏ ఊరని గేటుమనిషి అడగలేదు, ఇప్పుడు తెర అడుగుతుంది. ఈ పంపకం ఒక్కోసారి భాష దాకా వెళ్తుంది. 2022 మేలో ‘ఆర్ఆర్ఆర్’ డిజిటల్ తెరలకు చేరినప్పుడు తెలుగు మూలం జీ5కూ, హిందీ అనువాదం నెట్‌ఫ్లిక్స్‌కూ దక్కాయి. ఫలితంగా అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఆ సినిమాను మెచ్చుకున్నవారిలో చాలామంది మన్యం వీరుడు హిందీలో గర్జించగా విన్నారు.

ఇక్కడ కొందరు ప్రాయశ్చిత్తంగా వీపీఎన్‌ను విధిస్తారు. వీపీఎన్ అనగా ఫోను ఐపీ సంఖ్యకు మరో దేశపు సంఖ్యను ముసుగుగా తొడిగే ఏర్పాటు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, ముసుగులు అమ్మేవారు కొన్నవారి వివరాలను ఐదేళ్లపాటు భద్రపరచాలని ఆదేశించడంతో, కొన్ని వీపీఎన్ కంపెనీలు భారతదేశంలోని తమ సర్వర్లను ఎత్తుకుపోయాయి. ముసుగు సర్వరు కూడా మీ ప్రాంతంలో అందుబాటులో లేకుండా పోవడాన్ని శాస్త్రంలో అనవస్థాదోషమంటారు.

‘అందుబాటులో’ అనుచోట

అందుబాటు ఒక్క తీరుగా ఉండదు, మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వైడ్‌వైన్ అనే గూగుల్ తాళం ఉంటుంది. తాళం ఫోను చిప్పులోని భద్రమైన విభాగం దాకా దిగితే దాన్ని ‘ఎల్1’ అనీ, పైపైన సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే ‘ఎల్3’ అనీ అంటారు. కొన్ని చవక ఫోన్లలో రెండోదే ఉండడం వల్ల, ఇద్దరూ సమానంగా చందా కట్టినా ఒకరికి స్ఫుటమైన బొమ్మా, మరొకరికి మసక బొమ్మా దక్కుతాయి. సిగ్నలు అందని కొండ ఊళ్లవారు సంతకు దిగివచ్చినప్పుడు సాలూరులో వీడియోలు దించుకుని పైకి తీసుకుపోయినా, అనేక సేవలలో దించుకున్నదానికి సైతం గడువు ఉంటుంది. గడువు తీరితే లైసెన్సు పునరుద్ధరణకు మళ్లీ సిగ్నలు కావాలి. సిగ్నలు లేనివారి కోసమే పుట్టిన సౌకర్యానికి సిగ్నలు షరతు కావడం అన్యోన్యాశ్రయమని తార్కికులు పేరు పెడతారు.

తాళం పగలగొట్టవచ్చునా అంటే, 2012లో సవరించిన భారతీయ కాపీరైట్ చట్టంలోని 65ఏ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొట్టినవారికి రెండేళ్ల వరకు జైలు విధిస్తుంది. ఉద్దేశం అన్న మాట ఇందులో మేలిమి. 1998 నాటి అమెరికా చట్టం ఉద్దేశంతో నిమిత్తం లేకుండా పగలగొట్టడాన్నే తప్పుగా ఎంచి, మినహాయింపులను మూడేళ్లకొకసారి తిరగదోడుతుంది. ఈ ఒక్క చోట మన శాసనకర్తలు ఎక్కువ వివేకం చూపారని చెప్పక తప్పదు.

పూర్వపక్షం

కోట్లు పెట్టి సినిమా తీసినవాడు తన సరుకును ఎక్కడ అమ్మాలో ఎక్కడ అమ్మకూడదో నిర్ణయించుకోకూడదా, విడుదలనాడే దొంగ కాపీ ఫోన్లలోకి వచ్చిపడే కాలంలో తాళం లేకుండా ఎలా, వినోదం అందకపోతే పౌరహక్కులకు వచ్చిన ముప్పేమిటి అని ఆక్షేపణ. ఇది కొట్టిపారేయదగిన వాదం కాదు. హాలులో కెమెరా పెట్టి దొంగిలించేవారికి 2023 నాటి సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణ మూడేళ్ల వరకు జైలు విధిస్తున్నదంటే ఆ నష్టం ఊహాకల్పితం కాదని అర్థం. తాళం వేయడం మీద ఈ టీకకు అభ్యంతరం లేదు. తాళం వేసినదెవరో చెప్పకపోవడం మీద ఉంది. ఆ అభ్యంతరానికి ఆధారం మూలంలోని చివరి పదం.

‘లేదు’ అనుచోట

ఈ వాక్యానికి వ్యాకరణరీత్యా కర్త వీడియో. అది తనంతట తాను రాకుండా పోయినట్టు, ఎవరి ప్రమేయమూ లేనట్టు అన్వయం కుదురుతుంది. ‘చూపబడదు’ అని ఉంటే, తెలుగు నోటికి ఆ కర్మణి ప్రయోగం ఎంత ఎబ్బెట్టైనా, ‘ఎవరిచేత’ అన్న ప్రశ్నకైనా చోటు మిగిలేది. రీళ్ల కాలంలో ఫస్టు షో నిలిచిపోతే గేటు దగ్గర ‘బాక్సు రానేదు’ అనేవారు. బాక్సు అనగా రీళ్లుండే రేకు పెట్టె. అది ఏ ఊరి హాలులో చిక్కుకుందో, పంపవలసిన డిస్ట్రిబ్యూటరు ఎవరో తెలుసు కాబట్టి జనం ఎవరి మీద కేకలు వేయాలో వారి మీదే వేసేవారు. ఇప్పుడు హాళ్లకు పెట్టెకు బదులు కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి వస్తుంది, అది ఫలానా సర్వరులో ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే పనిచేస్తుంది. అది రాకపోయినా ఎవరు పంపలేదో మేనేజరుకు తెలుస్తుంది. అరచేతి తెరకు మాత్రం మేనేజరు లేడు.

‘లేదు’ అన్న ఒక్క ముసుగు కింద కనీసం ముగ్గురు కర్తలు దాగి ఉంటారు. హక్కులు కొన్న వర్తకుడు ఒకడు; తన నియమావళి ప్రకారం తీసివేసిన కంపెనీ మరొకడు; ప్రభుత్వం మూడవవాడు. మొదటివాడితో బేరమాడాలి, రెండవవాడికి ఫిర్యాదు పెట్టాలి, మూడవవాడి మీద హైకోర్టుకు వెళ్లాలి. ఎవరో తెలియనప్పుడు ఎటు వెళ్లాలో తెలియదు. సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షన్ దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాల మీద వెబ్ సమాచారాన్ని ఆపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు అదే చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేసినా, 69ఏను మాత్రం నిలబెట్టింది. కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి, వాటిని రిట్ పిటిషన్‌లో సవాలు చేయవచ్చు అన్నది అందుకు చెప్పిన సమర్థనలలో ఒకటి. అయితే 69ఏ కింద చేసిన 2009 నాటి నిబంధనల్లో పదహారవది ఫిర్యాదులనూ చర్యలనూ గోప్యంగా ఉంచాలంటుంది. కారణం రాసి ఉంటుంది, చదవడానికి వీలుండదు. సవాలు చేసే హక్కు ఉంటుంది, సవాలు చేయవలసిన కాగితం చేతికి రాదు. విరోధాభాసకు ఇంతకంటె చక్కని లక్ష్యం ప్రబంధాల్లో దొరకదు.

వీడియో కాక మొత్తం ఇంటర్నెట్టే ఆగినప్పుడు మూలమే లుప్తమవుతుంది, ‘లేదు’ అని చెప్పే దిక్కు కూడా ఉండదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగిన తరువాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసుకునే ఉద్యోగులు సిగ్నలు వెతుక్కుంటూ ఊళ్లు దాటవలసి వచ్చింది. అటువంటి ఉత్తర్వులను ప్రచురించాలనీ, నిరవధికంగా నిలిపివేయడం చెల్లదనీ సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10ననే చెప్పి ఉంది.

పాఠాంతరాలు

కర్తను చెప్పే పాఠం అసంభవమేమీ కాదు. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు, టిక్‌టాక్ తెరచినవారికి భారత ప్రభుత్వ ఆదేశాన్ని పాటిస్తున్నామన్న సందేశం కనిపించింది. ఆ యాప్‌లో ఉత్తరాంధ్ర యాసతో హాస్యం పండించి పేరు తెచ్చుకున్నవారికి అది చేదువార్తే అయినా, ఎవరు చేశారో తెలిసిన చేదువార్త.

రెండో పాఠాంతరం సంఖ్యారూపం. వెబ్‌సైట్లు అడిగిన పేజీని ఇవ్వలేనప్పుడు ఒక అంకెతో జవాబు చెప్తాయి. పేజీ దొరకలేదనడానికి 404 అందరికీ తెలిసినదే. న్యాయపరమైన కారణాల వల్ల ఇవ్వడం లేదని చెప్పడానికి 451 అనే అంకెను ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం 2015 డిసెంబరులో ఆమోదించింది. పుస్తకాలను తగలబెట్టే రాజ్యాన్ని గురించి రే బ్రాడ్‌బరీ రాసిన నవల పేరులోని అంకె అది. ఈ జవాబుతోపాటు ఆపమన్నది ఎవరు, ఏ చట్టం కింద, ఎవరెవరికి వర్తిస్తుంది అన్న వివరణ ఇవ్వడం ఉచితమని ఆ ప్రమాణం చెప్తుంది. ఉచితమంటుంది గాని తప్పనిసరి అనదు. ప్రమాణ పరిభాషలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ఇది విధివాక్యమా, వట్టి అర్థవాదమా అన్న చోట మీమాంసకులు తర్జనభర్జన పడవచ్చు. కంపెనీలు మాత్రం ఎక్కువగా అర్థవాద పక్షాన్నే అవలంబించాయి.