కొత్త సిస్టరమ్మకు పాత సిస్టరమ్మ చిట్కాలు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో పుట్టో, కాకినాడలో కోర్సు చదివో కోల్‌కతా భవానీపూర్‌లో నర్సుగా చేరిన చెల్లెమ్మా! ఇక్కడ ఆసుపత్రులకు కొదవ లేదు. ఊరంతా పీజీ అని పిలిచే ఎస్.ఎస్.కె.ఎం. ఉంది. చిత్తరంజన్ దాస్ రాసిచ్చిన సొంతింట్లో 1926లో మొదలైన సేవాసదన్ ఉంది. నువ్వెక్కడ చేరావో నాకనవసరం. పిల్లల ఓపీలో వేస్తే మాత్రం నా మాట విను, భోజనం వేళకు గది ఖాళీ.

ముందు పేరు సంగతి. బెంగాలీ ఇళ్లలో బిడ్డకు రెండు పేర్లుంటాయి. కాగితాల మీద భాలోనామ్, ఇంట్లో డాక్‌నామ్. కార్డులో చటోపాధ్యాయతో ముగిసే బారెడు పేరున్న మూడేళ్లవాడు ఇంట్లో ఉత్త బుబాయి. నువ్వు ఆ బారెడు పేరే గుమ్మంలోంచి గట్టిగా చదువు. "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని తల్లిని అడిగావో, చచ్చావే. బుబాయి తల తిప్పి నిన్ను చూస్తాడు. చంకలో ఎలుగుబంటిని చూపిస్తాడు. ముందు దానికి స్టెతస్కోపు పెట్టమంటాడు. ఎవరికుందమ్మా అంత తీరిక?

పరీక్ష గొంతుతోనే మొదలెట్టు. నాలుక మీద పుల్ల పెట్టి నొక్కితే మిగతాదంతా ఏడుపులో గడిచిపోతుంది. ఊపిరి లెక్కపెట్టాల్సింది అప్పుడే. దగ్గుతో వచ్చిన బిడ్డ, ఏడాది నుంచి అయిదేళ్లలోపు వయసైతే, నిమిషానికి 40 లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలంటారు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, తల్లి ఒళ్లోనే, నిండు నిమిషం లెక్కపెట్టాలని కూడా అంటారు. అది వినకు. గుక్కపట్టిన వాళ్లకు లెక్కపెడితే భవానీపూర్‌లో సగంమందికి న్యుమోనియా తేలుతుంది, డాక్టరుగారికి కాలక్షేపం.

ఇక సూది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అను. నీకు బెంగాలీ రాకపోతే దిగులొద్దు, "లాగ్‌బే నా, లాగ్‌బే నా" అంటూ పక్కనున్న దిదిమా (అమ్మమ్మ) అదే అబద్ధం అందిస్తుంది. సిరంజి వెనక దాచి, కిటికీలో కాకిని చూపించి, పొడిచెయ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి గురించే ఒక పత్రం తెచ్చింది. నొప్పే ఉండదని అబద్ధమాడొద్దట. పడుకోబెట్టి అదమకుండా తల్లిని ఎత్తుకోనివ్వాలట. పసివాళ్లయితే పాలు తాగుతుండగా వెయ్యాలట, ఎక్కువ నొప్పి పుట్టించే టీకా చివరికి ఉంచాలట. జెనీవాలో కూర్చుని ఎన్నైనా రాస్తారు. మనకి రేకు బల్ల ఉంది, కాళ్లూ చేతులూ పట్టుకోవడానికి ఇద్దరు ఆయాలున్నారు.

"అల్లరి చేస్తే సిస్టర్‌తో సూది పొడిపిస్తా" అనే తల్లిని ఆపకు సుమా. మన బూచాడు ఇక్కడ జుజుబుడి. జీతం పెంచకుండా ఆ ఉద్యోగం కూడా నీకే ఇస్తోంది మహాతల్లి.

వీటి ఫలితం నిదానం మీద కనబడుతుంది. 6, 10, 14 వారాల టీకాలప్పుడు పిల్లాడు నిన్ను ఆనవాలు పట్టడు. తొమ్మిదో నెల ఎంఆర్ టీకాకి అదోలా చూస్తాడు. 16 నెలలు దాటాక బూస్టర్‌కొస్తే నీ యూనిఫారం కొస కనబడగానే రాగం అందుకుంటాడు. డాక్టరుగారిని కూడా ఇంతగా గుర్తుపెట్టుకోరు! అయిదేళ్లకి డీపీటీ అంటే జతిన్ దాస్ పార్క్ మెట్రో మెట్ల మీదే చతికిలబడతాడు. తండ్రి భుజాన వేసుకొచ్చాక, కార్డు వెనక "మొండి పిల్లాడు" అని రాసిపెట్టు.

రేపు నీ బదులు డ్యూటీకొచ్చిన సిస్టరెవరో "కాస్త నొప్పి పుడుతుంది, ఉఫ్‌మని ఊదేద్దామా?" అని వాడితో ఊదించి, సూది వేశాక దూది వాడి చేతికే ఇచ్చి నొక్కుకోమంటుంది. వాడు ఏడవకుండా వెళ్లిపోతూ టాటా కూడా చెప్పొచ్చు. వెంటనే ఇన్‌చార్జి మేడమ్ దగ్గరికెళ్లు. ఆవిడ వల్ల ఓపీ లేటవుతోందని కంప్లయింటివ్వు.