ఇడ్లి వేళ కింటి కేగుదెంతు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

ఈ పద్యానికి కర్తా వ్యాఖ్యాతా ఒక్కడే. అలా ఉండకూడదని పెద్దలంటారు. కానీ దీనికి వ్యాఖ్య రాయడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. మల్లినాథసూరి బతికుంటే కాళిదాసును పక్కనపెట్టి ఇటు చూసేవాడని నేననను. ఆయనకు కిక్కు రాడ్డు తెలీదు.

డిసెంబరులో ఓ ఆదివారం, బందరు, తెల్లవారుజాము అయిదున్నర. కవి తన మేనమామ గారి 1984 నాటి బుల్లెట్టును వీధిలోకి దించాడు. ఆ బండి చాలా ఏళ్ళు గొడ్ల సావిట్లో ఊక బస్తాల వెనక నిద్రపోయింది. తర్వాత ఒక షెడ్డులో, ఏ ఊళ్ళోనో చెప్పను, "వచ్చే వారం ఇచ్చేస్తా సార్" అన్న మాట మీద రెండేళ్ళు ముక్కలుగా పడుంది. గుడివాడ నుంచి ఒక మిత్రుడు 1970 నాటి జావా మీద పామర్రు, కూచిపూడి మీదుగా వచ్చి చల్లపల్లిలో కలుస్తానన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎన్నింటికొస్తారు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు ఈ పద్యం.

పాత బండి తుడిచి పదిమంది చూడంగ
కిక్కు కొట్టి కొట్టి కీలు నొచ్చె
బందరందు మొదలు పయనమ్ము దివిసీమ
ఇడ్లి వేళ కింటి కేగుదెంతు

ఆటవెలది. తేటగీతి కూడా ప్రయత్నించాను గానీ అప్పటికి ఇంజను వేడెక్కలేదు.

టీక

పాత బండి = పూర్వకాలపు మోటారు సైకిలు. ఎంత పాతదైతే పాతది? ఇక్కడ వ్యాఖ్యాతలు కొట్టుకుంటారు గానీ సర్కారు 2021లోనే తేల్చేసింది. మొదటిసారి రిజిస్టరైన రోజు నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నదే 'వింటేజి'. దానికి వేరే నంబరు, అందులో 'వీఏ' అని రెండక్షరాలు. రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. అయితే రోజువారీ వాడకం కుదరదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోడానికో, రిపేరుకో అయితేనే రోడ్డెక్కాలి. పెట్రోలు, రిపేరు కాక జావా జీవితంలో మూడో పని ఉందని అనుకున్నవాడెవడో ఆ రూలు రాసుంటాడు. గుడివాడ మిత్రుడు ఆ హోదా జోలికి పోలేదు. మామూలు రిజిస్ట్రేషన్నే అయిదేళ్ళకోసారి పొడిగించుకుంటూ వస్తున్నాడు. నా బుల్లెట్టుకు ఆ హోదా కావాలన్నా రాదు. దాని ముసలితనం ఇంకా చాలదు.

తుడిచి = శుభ్రపరిచి. ఈ మాటలో మూడు లఘువులున్నాయి. పనికి మూడు గంటలు పట్టింది. లఘువుకు గంట చొప్పున. మెడ్రాసు ఫ్యాక్టరీలో ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో, కుంచెతో గీసేవారు. వాటిని పాత లుంగీ గుడ్డతో, ఊపిరి బిగబట్టి తుడవాలి. ఇంజను కేసింగులకు బ్రాసో. చువ్వలకు కిరసనాయిలు. క్రోముకు మాత్రం ఏ మందూ లేదు. బందరు గాలిలో ఉప్పుంది. రాత్రి అద్దంలా మెరిసిన సైలెన్సరు మీద వారం తిరక్కుండా సూదిమొనంత గోధుమ చుక్కలు లేస్తాయి. అందుచేత 'తుడిచి' అనేది క్త్వార్థకమే గాని, ఆ క్రియ ముగిసిందని ఎక్కడా ప్రమాణం లేదు.

పదిమంది చూడంగ = ఎక్కువ మంది వీక్షించుచుండగా. 'పది' ఇక్కడ సంఖ్య కాదు. పాలవాడు, ముగ్గు వేసే ఇద్దరు, వాకింగుకు బయల్దేరిన రిటైర్డు మేష్టారు: నలుగురే. కానీ ఆ నలుగురిలో ప్రతివాడికీ ఒక బాబాయి ఉంటాడు. ఆ బాబాయికి ఒకప్పుడు ఇలాంటి బండే ఉంటుంది. ఆయన దాన్ని మూడు వేలకు అమ్మేసుంటాడు. అన్నీ కలిపితే పది దాటుతుంది.

కిక్కు కొట్టి కొట్టి = ఆమ్రేడితం. పౌనఃపున్యార్థంలో వచ్చింది. శాస్త్రం తెలిసినవాడికి ఆమ్రేడితం అక్కర్లేదు, ఒక్కటే కొడతాడు. శాస్త్రమిది: తాళం తిప్పితే హెడ్‌లైటు పైన చిన్న గుండ్రటి ఆమీటరులో ముల్లు ఎడమకు వాలుతుంది. కిక్కు రాడ్డును మెల్లగా తొక్కుతూ, పిస్టను పైకొచ్చి కాలికి అడ్డం తగిలినట్టు అనిపించిన చోట ఆగి, ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెషన్ లివరు నొక్కాలి. సిలిండరులో గాలి 'ఫుస్' మంటుంది. ఇంకో వెంట్రుక వాసి తొక్కితే ముల్లు మధ్యకొచ్చి నిలబడుతుంది. అప్పుడు లివరు వదిలి, రాడ్డును మళ్ళీ పైకి రానిచ్చి, దేవుణ్ణి తల్చుకుని, ఒళ్ళంతా బరువేసి ఒకే తన్ను. ముల్లు మధ్యకు రాకుండానే తొందరపడితే రాడ్డు తిరిగి తంతుంది. గురువులు వద్దన్నది చేస్తే ఫలితం వెంటనే తెలిసే శాస్త్రాలు తక్కువ. ఇదొకటి.

ఆరోజు పదకొండు కొట్టాను.

కీలు = శ్లేష. మోకాటి కీలు అని ఒకర్థం. కిక్కు రాడ్డు మొదట్లో తిరిగే కీలు అని రెండోది. ఏది నొచ్చింది? రెండూ. "తుడిచి, కొట్టి అన్న క్రియలకు కర్త కవి, నొచ్చె అన్నదానికి కర్త కీలు, అన్వయం కుదర్లేదు కదా" అని మేష్టారు వీధిలోనే పూర్వపక్షం చేశారు. సమాధానం: ఆ వయసులో బండికీ నడిపేవాడికీ అభేదం. ఆయన ఒప్పుకోలేదు. కానీ వెనకనుంచి తోశారు.

శ్లేష ప్రస్తావన వచ్చింది గనక ఇక్కడే జావా సంగతి. బుల్లెట్టు ఒక అర్థానికి ఒక పదం వాడే కవి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి పెట్టి కొత్త బళ్ళకలవాటైన వాణ్ణి కంగారు పెడుతుందనే గానీ దాని మనసులో వేరే మాట ఉండదు. జావా అలా కాదు. ఎడమవైపు ఒకటే రాడ్డు. వెనక్కి మడిచి తంతే కిక్కు, ముందుకు తిప్పుకుంటే గేరు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథా భారతకథా చెప్పినట్టు ఒకే ఇనుప కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఇంజనీర్ల ద్వ్యర్థి కావ్యం ఇంకోటి నేను చూళ్ళేదు.

ఆ పేరు మీద కూడా వివాదముంది. 'జావ' నుంచి వచ్చిందనీ, తాగినవాడిలా ఊగుతుందనీ కొందరు. డచ్చివాళ్ళు బందరు అద్దకపు బట్టలను ఓడలెక్కించి జావా ద్వీపానికి పంపేవారు గనక అక్కడి సంబంధమని ఇంకొందరు. రెండోది వినడానికి బాగుంటుంది. అందుకే నిజం కాదు. చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ డిజైనుతో 1929లో మొదలుపెట్టాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ రెండు పేర్ల మొదటి రెండేసి అక్షరాలు (Ja, Wa) కలిపితే జావా. మన దేశంలో 1961 నుంచి మైసూరులో తయారైంది. 1973లో ఎజ్డీ అయింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మిత్రుడి బండి మీద జావా అనే ఉంది. ఎవరైనా పొరపాటున 'ఎజ్డీ' అంటే అతను మర్యాదగానే సరిదిద్దుతాడు, గాని ముఖం మారిపోతుంది.

బందరందు మొదలు = మచిలీపట్నమునందు ప్రారంభము. గుడివాడ మిత్రుడు ఇక్కడ 'గుడివాడ' అని పాఠాంతరం చెయ్యమన్నాడు. చూశాను. రెండు సూర్యగణాలున్న చోట సలగణం వచ్చి కూర్చుంటుంది. ఊరికి పేరు పెట్టినప్పుడే ఛందస్సు చూసుకోవలసింది. అతను ఇప్పటికీ కోపంగానే ఉన్నాడు.

పయనమ్ము = ప్రయాణము. కొత్త బండి మీద పయనమంటే రెండు ఊళ్ళ మధ్య దారి. పాత బండి మీద పయనమంటే ఆగిన చోట్లు. నిజానికి మా కృష్ణా డెల్టాలో 'సీనరీ' లేదు. కొండ లేదు, లోయ లేదు, మలుపు లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టాక కాలువ వచ్చింది, కాలువ వెంట గట్టు వచ్చింది, గట్టు వెంట తుమ్మచెట్టు వచ్చింది. మిగతాదంతా ఆకాశమే. డెబ్భై ఎనభై వేగంతో పోతే చూడ్డానికి ఏమీ ఉండదు. నలభైలో పోతే కాస్త కనిపిస్తుంది. బండి ఆగిపోతే మాత్రం చాలా కనిపిస్తుంది.

చల్లపల్లి ఇంకా రాకముందే ఆగింది. మంచు. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. రెండో సగంలో లారీ వస్తే పక్కకు తీశాను. 'టప్' మని ఒక శబ్దం, అంతే. నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉందంటే, అవతల రొయ్యల చెరువులో ఏరేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడు వినిపించింది. వరి కోసేసిన చేలో మోళ్ళ మధ్య మినుము అప్పుడే రెండాకులు వేసింది. కల్లంలోంచి ఒకాయన తువ్వాలు తలకు చుట్టుకుంటూ వచ్చాడు. కూర్చున్నాడు. పాయింట్ల మూత తీయమన్నాడు. తేమ. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, మందు పూసిన పక్కను చించి, మడిచి, రెండు పాయింట్ల మధ్య పెట్టి నాలుగుసార్లు లాగాడు. ఊదాడు. మిగిలిన అగ్గిపెట్టెతో బీడీ వెలిగించుకున్నాడు. "కొట్టండి" అన్నాడు. రెండో కిక్కుకే పలికింది. నాకు వారం పట్టిన ట్యూనింగు ఆయనకు సగం అగ్గిపెట్టె. డబ్బులివ్వబోతే, "మా బాబాయికి ఉండేదండీ ఇలాంటిదే" అన్నాడు.

దివిసీమ = దివి అను సీమ. ఇక్కడ మళ్ళీ శ్లేష. సంస్కృతం నుంచి వచ్చిన దివి అంటే స్వర్గం. తెలుగులో దివి అంటే లంక, నీళ్ళ మధ్య నేల. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి సముద్రానికి పోతుంది. ఆ నీళ్ళ మధ్యది దివి. అక్కడ అక్విడక్టు దగ్గర నది కిందా కాలువ పైనా పోతుంటాయి. నీళ్ళను నీళ్ళే దాటే ఆ చోట అలంకార శాస్త్రం ప్రకారం విరోధాభాసం చెప్పాలి. చల్లపల్లిలో కలిసిన మిత్రుడు మాత్రం, "ఫొటో తియ్యి, సైలెన్సర్లు రెండూ పడాలి" అన్నాడు.

అవనిగడ్డ బంకులో అతని అసలు విరోధాభాసం మొదలైంది. జావా టూ స్ట్రోకు. పెట్రోలులో నూనె కలపకపోతే బతకదు. ఇప్పటి పెట్రోలులో సర్కారు కలిపే 20 శాతం ఇథనాలుతో కూడా బతకదట. పాత రబ్బరు వాషర్లు ఉబ్బి చెడతాయట. చెరకు రసం నుంచి కూడా తీస్తారని ఎవరో చెప్పాక అతను ఉయ్యూరు వైపు చెరుకు బండి కనపడినా పళ్ళు కొరుకుతున్నాడు.

హంసలదీవి దారిలో, కోడూరు దాటాక, మళ్ళీ ఆగాం. ఈసారి జావా. చెట్టు కింద అరుగు మీంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. ఆ మెరూను రంగు మీద, క్రోము పలక మీద, గుడ్డివాడు తడిమినట్టు తడిమాడు.

"మాకూ ఉండేది బాబూ. ఈ రంగే."

"ఏం చేశారండీ?" అన్నాడు మిత్రుడు. అమ్మేశానంటాడని ఇద్దరం ఎదురు చూస్తున్నాం.

"ఉప్పెనకి పోయింది."

1977 నవంబరు 19. శనివారం. ఈ సీమలో తేదీ చెప్పనక్కర్లేదు, ఉప్పెన అంటే అదే. పోయినవాళ్ళు పదివేలంటారు. మేం ఏం మాట్లాడాలో తెలీక నిలబడ్డాం. ఆయనే, "అప్పుడు బండి సంగతి ఎవడికి గుర్తు?" అన్నాడు. కాసేపాగి, "ఒకసారి స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

అయిదో కిక్కుకి అందుకుంది. నీలి పొగ. ఆ రెండు సైలెన్సర్ల డబడబ చప్పుడు. పెద్దాయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఎంతసేపో తెలీదు. తర్వాత చెయ్యి ఊపాడు. "ఆపెయ్యి. పెట్రోలు దండగ."

ఈ పదానికి ఇంతకు మించి టీక లేదు.

హంసలదీవిలో మునిగిన కాకి హంసై తెల్లబడిందని స్థలపురాణం. సంగమం దాకా బళ్ళను తీసుకెళ్ళలేదు. ఉప్పు ఇసుకకూ క్రోముకూ పడదు. వేణుగోపాలస్వామి గుడి దగ్గర నిలిపి, నడిచి వెళ్ళి, నడిచి వచ్చాం. నూనె మసి చేతులు ఆ నీళ్ళలో కడిగి చూశాను. పురాణం కాకుల వరకే.

ఇడ్లి వేళకు = ఉదయపు ఫలహార సమయమునకు. ఇంటికి = గృహమునకు. ఏగుదెంతు = వచ్చెదను.

మూడో పాదం చివర 'దివిసీమ', నాలుగో పాదం మొదట 'ఇడ్లి'. ఇక్కడ యడాగమం చేసి 'యిడ్లి' అనాలి. కవి అలాగే వదిలేశాడు. దోషమే. అయితే దివిసీమకూ ఇంటి ఇడ్లికీ సంధి కుదిరిన ఆదివారం ఒక్కటి కూడా లేదు గనక ఇది ఔచిత్యమే అని నా మతం.

ఇంకో సంగతి: ఏ రోజు ఇడ్లి అని కవి చెప్పలేదు. అర్థం చేసుకున్నవాళ్ళు అదే రోజు అనుకుంటే, ఆ పాపం కవిది కాదు.

తాత్పర్యం

ఓ ఆవిడా! పాత బండిని తుడిచి, నలుగురూ చూస్తుండగా కిక్కులు కొట్టి మోకాలు నొప్పి చేసుకుని, బందరులో బయల్దేరి దివిసీమ పోతున్నాను. ఇడ్లి వేళకు వచ్చేస్తాను.

విశేషం

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. బండి స్టాండు వేసి చెయ్యి కడుక్కుంటే పొద్దుటి ఇడ్లీలు చిదిపి, పోపు పెట్టి, ఉప్మా చేసి పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. తింటూ, నాలుగో పాదంలో 'ఇడ్లి' తీసేసి 'ఉప్మ' పెట్టి చదివి చూశాను. గణం సరిపోయింది. యతి చెడింది.