ఎగువన వాన

నెత్తిన చినుకు పడటం లేదు కదా అన్న ధైర్యంతో యూటా ఎడారిలో ఒక ఇరుకు లోయలోకి దిగాను. నాతోపాటు మా బావమరిదినీ దింపాను. ఈ రెండో పనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఎస్కలాంటే ఊరు దాటాక హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మొదలవుతుంది. 1879లో మోర్మన్ కుటుంబాలు బళ్ళు కట్టుకుని కొలరాడో నది దాటడానికి వెళ్ళిన దారి అది. మేం వెళ్ళినప్పుడు అది మట్టి రోడ్డే. పొడవునా అడ్డంగా గట్లు తేలి ఉన్నాయి. నెమ్మదిగా నడిపితే ఒళ్ళంతా కదిలిపోతుంది, జోరుగా పోతే చక్రాలకు పట్టు దొరకదు. అలా 42 కిలోమీటర్లు పోతేగానీ లోయకు వెళ్ళే డ్రై ఫోర్క్ మలుపు రాదు. నాది అద్దె కారు. మట్టి రోడ్ల మీదికి తీసుకెళ్ళనని సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నది.

ఆగస్టు నెల అక్కడ వానల కాలం. మధ్యాహ్నం ఉరుముల వాన రావచ్చు, ఇవాళ లోయల్లోకి దిగొద్దని ఊళ్ళో సందర్శకుల కేంద్రంలో ఉన్నావిడ స్పష్టంగా చెప్పింది. "బావా, ఆవిడ వద్దంది కదా" అన్నాడు మావాడు. "పైకి చూడు, మబ్బు తునకైనా ఉందా?" అన్నాను. నేను పెద్దవాణ్ణి కాబట్టి వాడు ఇక ఎదురు చెప్పలేదు.

నాకు తెలియక కాదు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో వరద వచ్చి 11 మంది చనిపోయారు. ఆ వాన కురిసింది మైళ్ళ అవతల, ఎగువన. రాతినేల నీటిని తాగదు. ఎక్కడెక్కడి వాననీరూ కలిసి ఆ సందులోకే దూకుతుంది. ఇదంతా చదివాను. చదవడం దాకా ఎందుకు? పాపఘ్ని ఒడ్డున పెరిగినవాణ్ణి. మా దగ్గర ఎండ కాస్తుండగానే పైన కన్నడ సీమలో కురిసిన వానకు ఏరు రావడం చిన్నప్పుడు చూశాను. ఇసుకలో ఆడుకుంటున్న మమ్మల్ని పెద్దవాళ్ళు కేకలేసి గట్టు ఎక్కించేవారు.

మేం దిగిన స్పూకీ గల్చ్‌లో కొన్నిచోట్ల అడుగు వెడల్పు కూడా లేదు. సంచి చేత్తో పట్టుకుని పక్కకు తిరిగి జరగాలి. ఆ ఎర్రరాతి వంపులు ఎంత అందంగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. ఒకచోట నా తలకంటే ఎత్తున, రాతి నెర్రెలో ఎండుపుల్లలు ఇరుక్కుని ఉన్నాయి. నీళ్ళు అంత ఎత్తు వచ్చాయన్నమాట. అది చూసి కూడా ముందుకే నడిచాను.

ఉరుము వినిపించాక పరుగున బయటపడ్డాం. లోయలోకి వరద రాలేదు. రోడ్డు మీద మాత్రం వాన దంచింది. తడిసిన బంకమట్టి మీద కారు జారి పక్క గుంతలో దిగబడింది. ఫోనుకు సిగ్నల్ లేదు. ఆ రాత్రి కారులోనే గడిపాం. "మనం ఇక్కడున్నామని అక్కకు తెలుసా?" అని అడిగాడు మావాడు. తెలియదు. బ్రైస్ కాన్యన్‌కు వెళ్తున్నామని చెప్పి బయల్దేరాం. మాకేమైనా జరిగి ఉంటే వెతికేవాళ్ళు అక్కడ వెతికేవాళ్ళు.

మర్నాడు నేల ఆరాక, ట్రక్కులో వచ్చిన ఒక పెద్దాయన తాడు కట్టి లాగాడు. ఇంటికొచ్చి నా భార్యకు దాచకుండా అంతా చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. తమ్ముడి వైపు తిరిగి, "నీకు తెలుస్తూనే ఉంది కదా, ఎందుకు వెళ్ళావురా?" అంది.

"బావ రమ్మన్నాడు కదక్కా" అన్నాడు వాడు.