పడమటి అద్దం ఆత్మకథ

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ కమీషన్ కొట్టు. దాని మేడగదిలో పడమటి కిటికీ అద్దం తన కథ తనే చెప్పుకొస్తోంది. కరిగిన తగరం మీద కరిగిన గాజు తేలితే పుట్టిందట. 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ లోకానికి వెల్లడించిన పద్ధతి. పడిన వెలుతురులో దాదాపు 88 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. ఎండ వేడిలోనూ 80 శాతం పైనే వదిలేస్తుంది. తంటా అక్కడే.

మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు గుంటూరుకు నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీని సజ్జ కాచేస్తుంది. మూడు దాటాక ఎండ ఏటవాలుగా సజ్జ కిందనుంచి దూరుతుంది. పడమటి అద్దం ఏం చేస్తుంది? గుమాస్తాయే కుర్చీ జరుపుకునేవాడు.

యజమాని నల్ల ఫిల్ము అతికించాడు. వేడి కొంత తగ్గింది గానీ, ఆపిన ఎండంతా తన ఒంటికే పట్టి, అద్దం కాలిపోయి ఆ సెగ గదిలోకే కొట్టేది. పట్టపగలే ట్యూబ్‌లైట్లు వెలిగాయి. అసలు చిక్కు సరుకు దగ్గర వచ్చింది. మిర్చికి రంగును బట్టే ధర. దోసెడు తేజ రకం మిర్చి శాంపిల్ బల్ల మీద పోస్తే, ఆ మసక వెలుగులో తాలు ఏదో మేలుకాయ ఏదో తేలేది కాదు. చేటతో వరండాలోకి పరుగు! కిటికీ పెట్టుకుని వెలుతురు కోసం బయటికి పోవడం తనకు తలవంపులంటుంది అద్దం. నిజమే మరి.

కోల్డ్ స్టోరేజీల్లో ఈ బెడద లేదు, అక్కడ కిటికీలే ఉండవు. వెలుగు తగిలితే ఎరుపు వెలిసిపోతుంది కనుక మిర్చికి చీకటే సుఖం. మనిషికి అలా కుదరదు.

ఎండలో సుమారు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. పలుచటి వెండి పూత వేసిన లో-ఈ అద్దం వాటిని వెనక్కి కొట్టి, వెలుతురును రానిస్తుంది. హైదరాబాదులో 2003లో హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో జంట పలకల అద్దాలున్నాయి. మన అద్దం వాటిని దొరబిడ్డలంటుంది. 2017 నాటి ఈసీబీసీ అనే ఇంధన పొదుపు భవన నియమావళి మనలాంటి వేడి ప్రాంతాల్లో పెద్ద వాణిజ్య భవనాల అద్దాలకు లెక్క కట్టింది: ఎండ వేడిలో 27 శాతానికి మించి లోపలికి రాకూడదు, వెలుతురు 27 శాతానికి తగ్గకూడదు. 15 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఉత్తరపు కిటికీకి మాత్రం వేడి 50 శాతం దాకా సడలింపు. గుంటూరు ఆ గీతకు పైనే.

చిన్న కొట్టుకు పూత అద్దం బరువే. ఫిల్ము గీకేశారు. శాంపిల్ బల్ల ఉత్తరపు కిటికీ కిందికి చేరింది. పడమటి అద్దానికి బయటివైపు వట్టివేళ్ల తడిక కట్టారు. మూడింటికి దించుతారు, పొద్దుగూకాక ఎత్తుతారు.