ప్రూఫు చూసే కన్నేదీ?

మా రోజుల్లో కంప్యూటర్లో డాక్యుమెంటు తయారు చెయ్యాలంటే ముందు చుక్క పెట్టడం నేర్చుకోవాలి. లైను మొదట్లో చుక్క ఉంటే ఆ లైను కాగితం మీద పడదు, అది ప్రోగ్రాముకి ఇచ్చే ఆజ్ఞ. చుక్క పెట్టి సీఈ అని రాస్తే కింది లైను మధ్యకొస్తుంది. బీపీ అంటే కొత్త పేజీ. ఎస్పీ అంటే ఒక లైను ఖాళీ. ఇవన్నీ ఒకదాని కింద ఒకటి టైపు చేసుకుంటూ పోవాలి. తెర మీద మామూలు అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. లావు అక్షరం, వాలు అక్షరం, పట్టిక, సమీకరణం అన్నీ బుర్రలోనే కనపడాలి. యూనిక్స్ మీద ట్రాఫ్‌తో మాన్యువళ్లు తయారుచేసిన మా తరం వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఇప్పటి పిల్లలకి చెబితే "అయ్యో, అంత కష్టపడ్డారా" అని జాలిపడతారు. ఆ జాలి నాకక్కర్లేదు. రాసింది చదవడం మాకు ఆ చుక్కలే నేర్పాయి.

ఈ పద్ధతికి పెద్ద వంశవృక్షమే ఉంది. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రన్ఆఫ్ అనే ప్రోగ్రాము రాశాడు. దాని వారసుడు రాఫ్. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాస్తున్న వాళ్లకి పీడీపీ-11 అనే కొత్త యంత్రం కావలసివచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటాం అంటే డబ్బు పుట్టదు. డాక్యుమెంట్లు తయారుచేసే ఏర్పాటు చేస్తామని చెప్పి యంత్రం తెప్పించుకున్నారు. మొదటి ఖాతాదారు ఆ సంస్థలోనే ఉన్న పేటెంట్ విభాగం. పేటెంటు దరఖాస్తులో లైన్లకు నంబర్లు పడాలి, ఆ పని చేసిపెట్టేలా రాఫ్‌ని సర్దారు. యూనిక్స్ బతికి బట్టకట్టింది ఈ గుమాస్తా పని పుణ్యాన. ఆ తరవాత జో ఒసానా ఫొటోటైప్‌సెట్టర్ కోసం ట్రాఫ్ రాశాడు. 1977లో ఆయన పోయాక బ్రయన్ కెర్నిగన్ దాన్ని సవరించి, ఏ టైప్‌సెట్టరుకైనా పనికొచ్చేలా చేశాడు. ఈనాటికీ లినక్స్‌లో మ్యాన్ అని కొట్టి చదివే పేజీల్లో చాలా భాగం లోపల ఆ చుక్కల భాషే. వాటిని రోజూ చదివే కుర్రాళ్లలో ఎందరికి ఈ మాట తెలుసు?

ఇక అసలు సంగతి. అప్పట్లో ఆ చుక్కల మూలాన్ని ఒక్కసారి పేజీలుగా కన్వర్టు చెయ్యడమంటే ఖర్చు. ఒకటే కంప్యూటరు, దాని మీద పదిమంది. ప్రింటరు దగ్గర వరస. ఫొటోటైప్‌సెట్టర్ నుంచి బ్రోమైడ్ తీయించాలంటే పైవాడి సంతకం. అందుకని కమాండు కొట్టే ముందు మూలాన్ని చదివేవాళ్లం. లైన్ ప్రింటరు మీద చుక్కలతో సహా తీసుకుని, పెన్సిలు పట్టుకుని, ఇక్కడ పట్టిక మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఈ వాలు అక్షరాన్ని మళ్లీ నిటారుకి తెచ్చామా లేదా అని వేలు పెట్టి చూసేవాళ్లం. ఒక వాక్యం పూర్తయితే తరవాతి వాక్యం కొత్త లైనులో మొదలుపెట్టమని కెర్నిగన్ 1970ల్లోనే యూనిక్స్ కొత్తవాళ్లకి రాసిన పాఠంలో చెప్పాడు. అలా రాస్తే దిద్దడం సులువు, పాతప్రతికీ కొత్తప్రతికీ తేడా ఏ లైనులో ఉందో డిఫ్ అనే ప్రోగ్రాము ఇట్టే చూపిస్తుంది. ఇప్పుడు దీన్నే ఎవరో నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు చెప్పుకుంటుంటే వింటున్నాను.

కొత్తవన్నీ పనికిమాలినవని నేననను. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ తెచ్చాడు. శీర్షికకి # గుర్తు, నొక్కి చెప్పే మాటకి అటూ ఇటూ * గుర్తు. కన్వర్టు చెయ్యకపోయినా హాయిగా చదువుకోవచ్చు. మా చుక్కల పాఠానికి ఆ సుఖం లేదు, ఒప్పుకుంటాను. 2006లో జాన్ మెక్‌ఫార్లేన్ పాన్‌డాక్ రాశాడు. ఆయన బర్కిలీలో ఫిలాసఫీ ప్రొఫెసరు. ఆ ప్రోగ్రాము మూలాన్ని చదివి ముందు ఒక చెట్టుగా అల్లుకుంటుంది. ఇది శీర్షిక, ఇది పేరా, పేరా లోపల ఇది నొక్కి చెప్పిన మాట అని కొమ్మలుగా విడదీసుకుని, ఆ చెట్టు నుంచి వర్డు ఫైలూ, ఈపబ్ పుస్తకమూ, లేటెక్ అనే అచ్చు కూర్పు ప్రోగ్రాము ద్వారా పీడీఎఫూ పుట్టిస్తుంది. చాలా గొప్ప పని. అంత గొప్ప పనిముట్టు చేతికొస్తే, దాని లోపలి చెట్టు వైపు ఒక్కసారైనా తొంగిచూడకుండా, బయటికొచ్చిన పేజీ కూడా చదవకుండా పంపేస్తున్నారు. నా బాధంతా అదే.

మార్క్‌డౌన్‌లో ఒక ప్రమాదం ఉంది. అది దేన్నీ తప్పనదు. లేటెక్‌లో ఒక బ్రాకెట్టు మూయకపోతే పని ఆపేసి ప్రశ్నార్థకం పెట్టి నిలదీస్తుంది. 1986లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌జీఎంఎల్ అయితే, ఏ అంశం లోపల ఏది ఉండాలో ముందే రాసిపెట్టుకుని, తేడా వస్తే తిప్పికొట్టేది. మార్క్‌డౌన్‌కి ఏది ఇచ్చినా తలూపుతుంది, తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. పేరా మొదట్లో "1956." అని ఏడాది రాసి చుక్క పెడితే అది జాబితాలో 1956వ అంశం అయికూచుంటుంది. అదే మన తెలుగు అంకెలతో ౧, ౨ అని వేసి జాబితా రాస్తే అది జాబితాయే కాదంటుంది. పేరా మొదట్లో అలవాటుగా నాలుగు ఖాళీలు వదిలితే ఆ పేరా మొత్తం ప్రోగ్రాము కోడనుకుని వేరే అక్షరాల్లో పెట్టెలో పెడుతుంది. ఇన్ని జరిగినా ఒక్క హెచ్చరిక రాదు. హెచ్చరిక లేదు కాబట్టి తప్పు లేదనుకునే తరం వచ్చింది.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తాడు. తెలివైనవాడు. వాళ్ల కాలనీ సాహిత్య సంఘం వాళ్లు పద్యాలూ వ్యాసాలూ కలిపి సంచిక వేస్తామంటే, కూర్పు పని నెత్తినేసుకున్నాడు. "పెదనాన్నా, పేజ్‌మేకరూ లేదు, డీటీపీ వాళ్ల చుట్టూ తిరగడమూ లేదు, ఒకే ఒక్క కమాండు" అన్నాడు. మొదట కొట్టినప్పుడు తెలుగు అక్షరం నాకు తెలీదని లేటెక్ ఆగిపోయింది, జీలేటెక్‌తో ప్రయత్నించమని పాన్‌డాకే సలహా ఇచ్చింది. ఆ సలహా ప్రకారం కొట్టాడు, పీడీఎఫ్ వచ్చింది. వచ్చిందని నాకు పంపాడు. తెరిచి చూస్తే పేజీల నిండా కామాలూ, ఫుల్‌స్టాపులూ, అంకెలూ తప్ప ఒక్క తెలుగు అక్షరం లేదు. ఫాంటు పేరు చెప్పకపోతే అది లాటిన్ అక్షరాల ఫాంటునే వాడుకుంటుంది, అందులో త లేదు, క లేదు, లేనిచోట ఖాళీ వదిలేస్తుంది. ఈసారి ప్రోగ్రాము మౌనంగా లేదు. ఫలానా అక్షరం ఈ ఫాంటులో లేదు అని ఒక్కో అక్షరానికీ ఒక్కో లైను చొప్పున మొత్తుకుంది. "అవన్నీ వార్నింగులే కదా పెదనాన్నా, ఎర్రర్ కాదుగా" అన్నాడు వాడు. ఎంత చదువుకున్న పిల్లాడు! ఫైలు పుట్టింది చాలు, తెరిచి చూడక్కర్లేదన్న ధీమా ఎక్కడినుంచి వచ్చింది వీళ్లకి?

తెలుగు ఫాంటు పేరు ఇచ్చాక అక్షరాలు పడ్డాయి. సరే, ఇప్పుడు పద్యాలు చూడు నాయనా అన్నాను. నాలుగు పాదాలూ కలిసిపోయి ఒక్క వాక్యంలా ముద్దగా వచ్చాయి. మార్క్‌డౌన్‌లో లైను విరిచినంత మాత్రాన లైను విరగదు, చివర రెండు ఖాళీలుండాలి. ఆ ఖాళీలు కంటికి కనపడవు, పైగా చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు వాటిని ఊడ్చేస్తాయి. పాన్‌డాక్‌లో దానికి మంచి మార్గముంది. ప్రతి పాదం ముందూ ఒక నిలువు గీత పెడితే పాదాలు పాదాలుగానే ఉంటాయి, ముందున్న ఎడం కూడా నిలుస్తుంది. మాన్యువల్లో రాసే ఉంది. మాన్యువల్ చదవడమన్నది ఇప్పుడు ఎవరి దినచర్యలోనూ లేదు.

తరవాత పుస్తకాల పేర్లు. ఇంగ్లీషు అలవాటుతో అన్నిటికీ అటూ ఇటూ _ పెట్టుకుంటూ పోయాడు. మన భాషలో విభక్తి మాటకి అతుక్కుని ఉంటుంది కదా. _మహాభారతం_లో అని రాస్తే, రెండో గీత వెనకాలే అక్షరం ఉంది కాబట్టి అది ముగింపు గుర్తు కాదనుకుంటుంది. గీతలు రెండూ అలాగే అచ్చులోకొచ్చాయి. అదే * పెడితే పనిచేస్తుంది. కానీ నక్షత్రాల లోపల మాటకి కొటేషన్ మార్కులు కూడా ఉండి, ఆ వెంటనే లో అనో కి అనో వచ్చిందా, కొన్ని ప్రోగ్రాముల్లో నక్షత్రం కూడా మొండికేస్తుంది. చైనా, జపాన్ వాళ్లు కూడా ఈ చిక్కుతోనే వేగుతున్నారు. 2014లో కామన్‌మార్క్ పేరుతో నియమాలు ఒకచోట రాసిపెట్టారు కాబట్టి ఎందుకలా అవుతుందో చదివి తెలుసుకోవచ్చు. అంతకుముందు పదేళ్లపాటు ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో అర్థం.

గుర్తులు సరిగ్గా పెట్టినచోట మాత్రం ఏమైంది? నొక్కి చెప్పిన మాటని లేటెక్ వాలు అక్షరంలో వేయాలని చూసింది. తెలుగు ఫాంటుకి వాలు రూపం లేదు. లేదు కాబట్టి మామూలుగానే వేసేసింది. రచయిత నొక్కి చెప్పిన మాట పేజీలో ఆనవాలు లేకుండా పోయింది. బ్రౌజరైతే ఇంకో రకం, అక్షరాన్ని బలవంతాన పక్కకి వంచుతుంది. గుడులూ వత్తులూ ఒరిగి చూడ్డానికి రోత. సీసం అక్షరాలతో కంపోజు చేసిన పాతవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుగు మాటని ఎత్తి చూపించాలంటే లావు అక్షరం వేసేవాళ్లు, లేదా కొటేషన్లలో పెట్టేవాళ్లు. పాన్‌డాక్‌లో అదే తెలివిని ప్రోగ్రాముగా రాయొచ్చు. ఎంఫ్ అనే కొమ్మ కనపడ్డప్పుడు, లోపల తెలుగు అక్షరాలుంటే దాన్ని స్ట్రాంగ్ అనే కొమ్మగా మార్చు, ఇంగ్లీషైతే ముట్టుకోకు అని లువా భాషలో చిన్న ఫిల్టరు. పది లైన్లకు మించదు. మా వాడు అరగంటలో రాసి చూపించాడు. చేతకాక కాదు, అవసరమని తోచకే అంతవరకూ రాయలేదు. పేజీ చదివితేగా తోచడానికి.

లైన్ల మధ్య ఎడం కూడా అంతే. ఇంగ్లీషుకి కుదిర్చిన ఎడంలో తెలుగు పెడితే పైలైను వత్తులు కిందిలైను గుడుల మీద కూర్చుంటాయి. భాష తెలుగని ఒక్క మాట చెబితే, పొడుగు సమాసాన్ని లైను చివర ఎక్కడ విరవాలో లేటెక్‌కి పునాది అయిన టెక్‌కి తెలుస్తుంది. సంతోష్ తోట్టింగల్ మన భాషలకి ఆ విరుపుల పట్టికలు చేసిపెట్టారు. చెప్పకపోతే సమాసం అంచు దాటి మార్జిన్లోకి పోతుంది.

మేం ఏ స్థితి నుంచి వచ్చామో చెబితే వీళ్లకి కథలా ఉంటుంది. కంప్యూటరుకి తెలుగే రాని కాలంలో, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటి స్థిరపరిచారు. ఆర్‌టీఎస్ అంటే పాతవాళ్లు గుర్తుపడతారు. ఆ రాతని తిరిగి తెలుగు లిపిలోకి మార్చి, టెక్‌తో కాగితం మీదికి తెచ్చుకునేవాళ్లు. ఇక్కడ డీటీపీ సెంటర్లలో ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో లెక్క. ఆ రోజుల్లో కంపోజు చేసిన మ్యాటరు ఇప్పుడు తెరిస్తే పిచ్చిగీతలు. ఇవాళ యూనికోడ్‌లో 128 స్థానాలు తెలుగుకి కేటాయించి ఉన్నాయి. ఫోనులో రాసింది ప్రెస్సు దాకా చెడకుండా పోతుంది. మేం కలగన్నది ఇదే. ఇది చేతికొచ్చాక అచ్చు ఇంత అధ్వానంగా ఉండడానికి సాకేముంది?

ఈమధ్య మరీ ఘోరం. కృత్రిమ మేధని అడిగి రాయించుకుంటున్నారు. అది మార్క్‌డౌన్‌లో ఇస్తుంది. దాన్ని ఉన్నపళాన ఎత్తి వర్డులో అతికిస్తున్నారు. ఆఫీసు సర్క్యులర్లలో, సభల ఆహ్వానాల్లో మాటకి అటు రెండు, ఇటు రెండు నక్షత్రాలు అచ్చయి ఉండగా నా కళ్లతో చూశాను. రాయించినవాడు చదవలేదు, పేజీ కట్టినవాడు చదవలేదు, ప్రెస్సువాడికి సంబంధం లేదు. ఒకప్పుడు చిన్న ప్రెస్సులో కూడా ఒక ప్రూఫ్‌రీడరు కూర్చునేవాడు. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, ఫారం ఎక్కేముందు ఆఖరి చూపు. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు అందరూ ముందు తీసేసింది అతన్నే. కన్వర్టు చేసే ప్రోగ్రాము ఉచితంగా వస్తోంది కదా, ఆ మిగిలిన డబ్బులో కొంత చదివేవాడికి ఇవ్వడానికి చేతులు రావెందుకు?

1867 నాటి చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం మీద ముద్రాపకుడి పేరూ, అచ్చయిన ఊరూ వేసేవారు. తప్పో ఒప్పో బాధ్యుడెవరో చదువరికి తెలిసేది. ఇప్పటి పుస్తకాల వెనక పేజీలో ఫలానా సాఫ్ట్‌వేరుతో రూపొందించాం అని గొప్పగా వేసుకుంటున్నారు. ఆ లైను పక్కనే ప్రూఫు చూసిన మనిషి పేరు కూడా వెయ్యండి. మా తమ్ముడి కొడుకు సంచికలో వేయించాను. సంఘం వాళ్లు మొదట ఎందుకన్నారు, తరవాత ఆ పేరున్నాయన వరస తప్పకుండా మూడు ప్రూఫులూ అడిగి తీసుకున్నాడు.